వాస్తవాల గంట

"కాలవ మీద మూత తెరిచి ఉందా, వేసి ఉందా?"

ప్రశ్న చివరి బెంచీ నుంచి వచ్చింది. అడిగినవాడు హెడ్ కానిస్టేబుల్. ఖాకీ చొక్కా మీద స్వెట్టరు తగిలించుకుని, డ్యూటీకి ముందు పొద్దున్నే క్లాసుకి వచ్చిపోయే మనిషి. అందరూ ఆయన్ని హెడ్డుగారనే అంటారు. కాలేజీలో చేరినప్పటి నుంచి ఒకే గదిలో కూర్చుంటున్నా, ఆయన నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగడం లాయరమ్మ వినలేదు.

ఆమె అందరికీ ఎదురుగా, బోర్డు కింద వేసిన కుర్చీలో కూర్చుని ఉంది. 

లాయరమ్మ అన్నది ఇంట్లో పిలుపు. లా సీటు వచ్చిన రోజు అన్నయ్య వేళాకోళానికి అన్న మాట వీధంతా పాకి, అక్కణ్నుంచి కాలేజీకీ వచ్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, పట్టా రాకుండానే పేరు స్థిరపడిపోయింది.

ఇది నీతిశాస్త్రం క్లాసు. లా చదివేవాళ్లకి ఈ పేపరు ఎందుకు పెట్టారో ఎవరికీ అంతుపట్టదు. దీన్ని చదివి ఎవడైనా బెయిలు తెచ్చాడా అని ముందు బెంచీ కుర్రాళ్లు నవ్వుకుంటారు. పాఠం చెప్పే మాస్టారు ముసలాయన. ఎవరేం చెప్పినా "అయితే?" అంటారు. దొంగతనం తప్పండీ అంటే, అయితే? పాపం ఆకలితో చేశాడండీ అంటే, అయితే? అందుకని ఆయన అయితే మాస్టారు అయ్యారు.

ఆయన పద్ధతి ఆయనది. ఒక్కొక్కరూ ఒక చిక్కుముడి తేవాలి. కల్పించిందైనా సరే, కళ్లారా చూసిందైనా సరే, మనుషులనీ చోట్లనీ మార్చేసి చెప్పాలి. మొదటి రోజు వాస్తవాల గంట. చిక్కు తెచ్చినవాడు కుర్చీలో కూర్చుంటాడు. మిగతావాళ్లు ఏం జరిగిందని మాత్రమే అడగాలి, ఏది న్యాయమని అడగకూడదు. కుర్చీలో ఉన్నవాడు ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి, లేదంటే "సమస్యలో లేదు" అనాలి. అబద్ధం మాత్రం కూడదు. తర్వాతి క్లాసులో, అందరికన్నా పదునైన ప్రశ్న అడిగినవాడు లేచి, ఆ కథలో తనకి ఎవరంటే అసహ్యమో వాళ్ల తరఫున వాదించాలి.

సమస్యలో లేదు. ఆ మాట లాయరమ్మ పెదాల దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"తెరిచే ఉంది."

హెడ్డు తలూపి కూర్చున్నాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మోచేతులు బెంచీ మీద ఆనించి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. పదును అంటే ఇదీ అని మాస్టారు మెచ్చుకుని, గురువారం హెడ్డుగారే వాదిస్తారని ప్రకటించారు.

ఆమె తెచ్చిన చిక్కు ఇది. ఒక పెయింట్ల కొట్టువాడు, వాడేసిన మందుని పీపాల్లో నింపి, దాన్ని పట్టుకెళ్లే బండికి ఎక్కించాలి. బండి రావడం మానేసింది. పీపాలు నిండిపోయాయి. ఒక సాయంత్రం వెనక కాలవ మూత జరిపి అందులో గుమ్మరించేశాడు. అది అంటుకునే మందు. ఆ కాలవ గట్టు మీద ఒక వంటవాడు రోజూ లాగే టీ స్టవ్ వెలిగించాడు. మంట లేచింది. పక్కన పడుకున్న కూలివాడి కాళ్లు కాలిపోయాయి. అందరూ స్టవ్ వల్లే అన్నారు. వంటవాడు జైల్లో ఉన్నాడు. కొట్టులో పనిచేసే అమ్మాయి పీపా వంచడం చూసింది. చెప్పాలా, వద్దా?

నిజానికి పెయింట్లు కావు, ఇస్త్రీ కొట్టు. పట్టుచీరలూ కోట్లూ నీళ్లు తగలకుండా ఉతికే మందు, పెట్రోలుకి చుట్టం. వంటవాడు కాడు, వెనక సందులో కలప గోడౌను కాపలావాడు. పనిచేసే అమ్మాయి కాదు, కొట్టువాడి చెల్లెలు, తనే.

ఎక్కడ పొరపాటు చేసిందో ఆమెకి మెట్లు దిగుతుంటే అర్థమైంది. లా చదువు మొదటి ఏడాదంతా వాళ్లకి నూరిపోసింది ఒకటే విద్య. ఒక కేసు చేతికిస్తే, అక్కర్లేని వాస్తవాలన్నీ ఒలిచి పారేయాలి. తీర్పు దేని మీద నిలబడుతుందో ఆ నాలుగు ఎముకలు మాత్రం ఉంచాలి. చేతికి అలవాటైన పని చెయ్యి చేసుకుపోయింది. చోటు మార్చింది, వృత్తులు మార్చింది, రంగూ రుచీ వాసనా మార్చింది. బండి రాకపోవడం, మూత జరపడం, గట్టు మీద స్టవ్, కాలిన కాళ్లు, ఇవి మాత్రం చెక్కు చెదరకుండా ఉంచింది. లా తెలియని మనిషైతే సరిగ్గా వీటినే ముందు మార్చేసేది.

ఆ మంట కేసు చూసిన స్టేషను హెడ్డు పనిచేసే స్టేషనే.

*

కొట్టు ముందు వైపు ఇరుకు, లోపలికి పొడుగు. నడుమ ఇస్త్రీ బల్ల, వెనక బాయిలరు, పైన గొట్టానికి వేలాడే కోట్లూ గౌన్లూ. ప్రతి బట్టకీ కాలరు లోపల, ఎవరిదో గుర్తుకి, గుడ్డపీలిక పిన్నుతో గుచ్చి ఉంటుంది. అన్నయ్య తడి వేలితో ఇస్త్రీ పెట్టె అడుగుని తాకి, చుయ్ మన్న చప్పుడు బట్టి వేడి ఎంతో చెప్పేస్తాడు. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఆఖరికి ఒళ్లు. ఆ వరస ఎప్పుడూ తప్పడు.

"ఏమే లాయరమ్మా, ఇవాళ ఎవర్ని ఉరి తీశారు?"

ఇది ఆయన రోజువారీ జోకు. మంట జరిగాక కూడా మానలేదు. కాకపోతే, ఇదివరకు తలెత్తి నవ్వుతూ అనేవాడు, ఇప్పుడు బట్ట మీద నుంచి చూపు తీయకుండా అంటున్నాడు. ఎవరినీ లేదంది ఆమె. పుస్తకాలు లోపల పెట్టి, ఉతికొచ్చిన చొక్కాలకి బొత్తాలు పెట్టడానికి కూర్చుంది. ఒక్కో బొత్తాం పక్క కాజాలో పడుతోంది. వదిన చూసి, ఆ చొక్కా మెడ పట్టేసినవాడిలా ఉందని నవ్వింది. వదినకి ఏమీ తెలియదు. అన్నయ్య చేసిన పని చూసింది తనొక్కతే. ఆ సంగతి అన్నయ్యకి తెలియదు. ఈ లెక్కనే ఆమె ఇన్నాళ్లూ పట్టుకుని వేలాడుతోంది.

మర్నాడు హెడ్డు కొట్టుకి వచ్చాడు.

చంకలో యూనిఫాం మూట. ఎప్పుడూ స్టేషను పక్క కొట్టుకి వేసే మనిషి, ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? మూట బల్ల మీద పెట్టి, లోపలికి తొంగిచూశాడు. కోట్ల వరస చూశాడు. బాయిలరు చూశాడు. చివరనున్న వెనక తలుపు దగ్గర ఆయన చూపు ఆగింది. వ్యాపారం ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాడు అన్నయ్య.

"పట్టుబట్టలు ఉతికే ఆ మందు ఇంకా వాడుతున్నారా?"

అన్నయ్య చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది.  చొక్కా వీపు మీద పెట్టె అలాగే ఉంది. కమురు వాసన వచ్చాక గానీ ఎత్తలేదు. తెల్ల బట్ట మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఈ కొట్టులో బట్ట కాలడం లాయరమ్మ పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం.

"తగ్గించేశామండీ," అన్నాడు అన్నయ్య.

హెడ్డు ఆ మచ్చని చూశాడు. లాయరమ్మ వైపు తిరిగి, గురువారం పొద్దున్నకి బట్టలు కావాలన్నాడు. "వాదించాలి కదా. కాస్త గంజి పెట్టించండి."

ఆయన వీధి మలుపు తిరిగిపోయేదాకా ఎవరూ కదల్లేదు. వాదించడం ఏమిటని అన్నయ్య అడిగాడు. కాలేజీలో ఏదో పోటీ అంది ఆమె. ఆయన కాలిన చొక్కాని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

ఆ రోజంతా వీధిలో బూటు చప్పుడు వినిపిస్తే చాలు, ఆమె గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చింది. జీపు వచ్చి ఆగుతుంది. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు. నేను చెప్పలేదని ఎంత మొత్తుకున్నా ఎవరు నమ్ముతారు? చిక్కుముడి తెమ్మంటే సొంత కొంపనే తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది.

*

బుధవారం కాపలావాడి భార్య వచ్చింది.

గుమ్మం బయటే నిలబడి, కొంగులో చుట్టిన చొక్కా తీసింది. తెల్లది, పాతది, ఇంట్లోనే ఉతికి తెచ్చింది. శుక్రవారం కోర్టు ఉందనీ, కాస్త మనిషిలా కనబడాలనీ, ఇస్త్రీ చేసిపెట్టమనీ అడిగింది. వదిన ఆమెని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. శుక్రవారంతో అయిపోతుందా అని అడిగింది.

అయిపోతుందట. తప్పు ఒప్పుకుంటే తొందరగా వదిలేస్తారని చెప్పారట. లాయరు కూడా అదే మంచిదన్నాడట.

"ఒప్పుకోమని మేము చెప్పాలా, ఆయనే ఒప్పుకుంటానంటున్నాడు," అంది ఆమె గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ. "నా చేత్తోనే అయిందే అంటాడు. నిప్పు పుల్ల గీసింది నేనే కదా అంటాడు. ఒక మనిషి కాళ్లు కాల్చాను, నాకు అన్నం ఎలా దిగుతుందే అంటాడు. ములాఖత్‌కి వెళ్తే నా చేతులు చూడమని చూపిస్తాడు. ఏముంటుంది చేతుల్లో? మామూలు చేతులే."

అన్నయ్య ఆ చొక్కాని బల్ల మీద పరిచాడు. కాలరుతో మొదలుపెట్టాడు. భుజాలు, చేతులు, ఒళ్లు. అయిపోయింది. మళ్లీ కాలరు దగ్గరికొచ్చాడు. మళ్లీ చేశాడు. మూడోసారి మొదలుపెడుతుంటే వదిన, "ఏమండీ, అది అరిగిపోతుంది," అంది. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చొక్కాని రెండు చేతుల మీద మోసుకెళ్లి ఆమెకి ఇచ్చాడు. మొహం చూడలేదు.

లాయరమ్మ తడి దుప్పట్ల బుట్ట ఎత్తుకుని వెనక సందులోకి వెళ్లిపోయింది. ఆరేయాలన్నది సాకు.

సందులో హెడ్డు ఉన్నాడు.

కాలవ గట్టు మీద గొంతుక్కూర్చుని, మూత అంచుని కర్రముక్కతో తట్టి చూస్తున్నాడు. గోడౌను తలుపు మీద మసి ఇంకా పోలేదు. ఆమె వెనక్కి తిరగబోయింది. బుట్ట గుమ్మానికి తగిలి చప్పుడైంది.

"మీ అన్నయ్యని పిలవకండి," అన్నాడు హెడ్డు, లేస్తూ. "మీతోనే పని."

బుట్టని ఆమె పొట్టకి అదుముకుంది. తడి దుప్పటి చలి ఒంట్లోకి దిగుతోంది.

"ఎవరెవరికి చెప్పారు?"

"దేని గురించండీ?"

"దాచకండమ్మా. ఆ సాయంత్రం మీరు మేడ మీద ఉండి ఉంటారు. నన్ను చూశారు." ఆయన కర్రముక్కని కాలవ పక్కకి విసిరేశాడు. "ఈ మూత నేను బూటుతో తోసి వేయడం చూశారు. అందుకే కదా క్లాసులో అందరి ముందూ ఆ చిక్కు పెట్టారు. ఆ తర్వాత మూత ఏమైందో మీ నోటి నుంచి రాకపోయేసరికి, ఈవిడకి తెలుసా లేదా అని ఉండబట్టలేక నేనే అడిగేశాను. తెరిచే ఉందన్నారు. స్టేషను తీయించిన ఫొటోల్లో మూత వేసి ఉంది. తెరిచి ఉందని ఎవరికి తెలుస్తుంది, చూసినవాళ్లకి తప్ప?"

ఆమె చూడలేదు. పీపా వంచడం చూసి, బట్టల బుట్టతో కిందికి పరిగెత్తింది. మంట లేచాక అందరితో పాటు బిందెలు అందించింది. ఎవరు ఎప్పుడు మూత వేశారో ఆమెకి తెలియనే తెలియదు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచి, ఎదుటి మనిషి గడ్డం వణుకుతుండటం చూసి ఆగిపోయింది.

ఆయన చెప్పుకుపోతున్నాడు. తను వచ్చేసరికే పై అధికారి స్టవ్ అని తేల్చేశాడు. మూత తెరిచి ఉంది, వాసన గుప్పుమంటోంది. ఆ వాసన ఎక్కడిదో ముక్కున్న ప్రతివాడికీ తెలుస్తుంది, ఈ సందులో ఉతికే కొట్టు ఒక్కటే. మందు అని తను అంటే విచారణ మొదటికొస్తుంది. శాంపిళ్లు, సాక్షులు, వారాల తరబడి తిరగడం.

"ఆ వారమే నీతిశాస్త్రం పరీక్ష," అన్నాడు హెడ్డు. "సెలవు అడిగి పెట్టుకున్నాను. బూటుతో ఒక్క తోపు తోశాను. అంతే."

నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

తర్వాత ఆయన చెప్పింది తక్కువ. ఈ కొట్టు జోలికి తను రాడు. మూత జోలికి ఆమె రాకూడదు. శుక్రవారం కాపలావాడు ఒప్పుకుంటాడు. ఇన్నాళ్లు లోపల ఉన్నాడు కాబట్టి కొన్నాళ్లలో బయటికొస్తాడు. ఎవరి కొంపా మునగదు. రేపు క్లాసులో పెయింట్ల కొట్టువాడి తరఫున తనే వాదించి ఈ చిక్కుని పూడ్చేస్తాడు.

ఆయన వెళ్లిపోయాక ఆమె దుప్పట్లు ఆరేసింది. పని పూర్తయ్యాక కూడా తీగ కిందే నిలబడింది. జీపు రాదు. అన్నయ్యని ఎవరూ పట్టుకుపోరు. పోలీసులకి మొదటి రోజు నుంచే తెలుసు, తెలిసే వదిలేశారు. ఇక హాయిగా ఊపిరి తీసుకోవాలి.

ఊపిరి అందలేదు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు వచ్చి పట్టుకుంటారని భయపడింది. ఆ భయం చాటున, తను ఏమీ చేయనక్కర్లేదన్న ధీమా కూడా నక్కి ఉందని ఇప్పుడు తెలిసింది. ఎవరూ రారు. చెప్పగలిగిన మనిషి తనొక్కతే మిగిలింది. తడి దుప్పట్ల మధ్య నిలబడి ఆమె, మంట లేచిన రోజు కూడా పడనంత భయపడింది.

*

హెడ్డు అద్భుతంగా వాదించాడు.

గంజి పెట్టిన యూనిఫాంలో, స్వెట్టరు లేకుండా, బోర్డు దగ్గర నిలబడ్డాడు. తనకి అసహ్యం పెయింట్ల కొట్టువాడంటేనే కాబట్టి వాడి తరఫునే మాట్లాడతానన్నాడు. మందు గుమ్మరించినవాడికి మనిషిని కాల్చాలన్న ఉద్దేశం లేదు. బండి రాకపోవడం వాడి తప్పు కాదు. స్టవ్ వెలిగించింది వాడు కాదు. వాడిప్పుడు నిజం చెబితే కాలిన కాళ్లు బాగవుతాయా? కావు. వంటవాడు ఎలాగూ కొన్నాళ్లలో బయటికొస్తాడు. ఒక ఇల్లు ఇప్పటికే కష్టంలో ఉంది, రెండో ఇంటిని కూడా అందులోకి తోసి, దానికి న్యాయమని పేరు పెడదామా? తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమని చట్టం కూడా ఎవరినీ బలవంతపెట్టదు. చట్టమే అడగనిదాన్ని నీతి ఏ హక్కుతో అడుగుతుంది?

ముందు బెంచీ కుర్రాళ్లు బల్లలు చరిచారు. ఈయన లాయరైతే స్టేషను మూతబడుతుందని ఒకడన్నాడు. అందరూ నవ్వారు.

మాస్టారు లాయరమ్మ వైపు తిరిగారు. "అయితే?"

ఆమె లేచి నిలబడింది. రాత్రి పక్క మీద తను తనతో అనుకున్న మాటలే ఇవన్నీ. ఒక్కొక్కటీ మళ్లీ తిరగేసి చూసింది. ఎక్కడా చిల్లు కనబడలేదు.

"తప్పు దొరకలేదండీ," అంది.

"అయితే, ఒప్పుకుంటావా?"

"లేదండీ."

ఎవరో నవ్వారు. మాస్టారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. కారణం లేకుండా కాదనే హక్కు ఈ గదిలో లేదని మెల్లగా గుర్తుచేశారు.

"వంటవాడు కొన్నాళ్లలో బయటికొస్తాడన్నారు హెడ్డుగారు," అంది ఆమె. వెనక బెంచీలకి వినబడలేదేమోనని ఆ మాటే మళ్లీ అంది. "జైల్లోంచి వస్తాడండీ. కానీ అతను, ఆ పని తనే చేశాననుకుంటున్నాడు. తన చేతులవంక చూసుకుంటున్నాడు. అన్నం తినట్లేదు. దాంట్లోంచి ఎప్పుడు బయటికొస్తాడు? ఎవరు వదులుతారు?"

"ఈ వాస్తవం సోమవారం చెప్పలేదే."

"నిన్ననే తెలిసిందండీ."

మాట నోరు దాటాక గానీ ఆమెకి వినబడలేదు. ముందు బెంచీలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. కల్పించిన వంటవాడి గురించి నిన్న కొత్తగా ఏం తెలుస్తుంది? ఆ ఆలోచన గదిలో ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకడం ఆమెకి కనబడుతూనే ఉంది. హెడ్డు డస్టరు అందుకుని, ఏమీ రాయని బోర్డుని తుడుస్తున్నాడు.

మాస్టారు ఈసారి "అయితే?" అనలేదు. చాలాసేపు కళ్లజోడు అద్దాలు పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఈ చిక్కుకి నేను మార్కులు వేయను," అన్నారు చివరికి. "ఇది ఇక నా పేపరు కాదు. వెళ్లమ్మా."

వరండాలో హెడ్డు ఆమెని కలుసుకున్నాడు. పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. తన ఉద్యోగం పోతుందన్నాడు, బెదిరింపుగా కాదు, ఎవరో తనకి చెబితే నమ్మలేకపోతున్నట్టుగా.

"మూత వేయడం నేను చూడలేదు హెడ్డుగారూ," అంది ఆమె. "మీరు చెప్పేదాకా నాకు తెలియదు."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. ఆమె మెట్లు దిగింది.  ఆయన వెనక రాలేదు.

*

ఆమె కొట్టుకి వచ్చేసరికి అన్నయ్య బాయిలరులో నీళ్లు నింపుతున్నాడు. వదిన ముందు బల్ల మీద బట్టలకి పీలికలు గుచ్చుతోంది. ఉరి జోకు రాలేదు. పుస్తకాలు చేతిలోనే పట్టుకుని, రేపు కోర్టులో కాపలావాడి లాయరుని కలుస్తానంది లాయరమ్మ. అనుకున్నదానికన్నా పొట్టిగా వచ్చిందా మాట.

వదిన, ఎందుకూ అంది. అన్నయ్య బకెట్టు దించాడు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు. ఎవరూ అడగరు. పోలీసులకి ముందే తెలుసు. వాళ్లకీ వద్దట."

"మరింకేంటే? అందరూ వద్దంటే నీకెందుకు?" గొంతు పెరిగింది. బాయిలరు వైపు తిరిగాడు, మళ్లీ ఇటు తిరిగాడు. ఆయన చెయ్యెత్తుతాడేమోనని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. జన్మలో ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. ఆ అడుగు ఆయన చూశాడు. అక్కడే ఇస్త్రీ బల్ల అంచు మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు మేడ మీద ఉన్నావని నాకు తెలుసు," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"క్లిప్పులు తీసి డబ్బాలో వేస్తున్నావు. టక్కు, టక్కు మంటోంది. నేను పీపా వంచగానే ఆ చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూసే ధైర్యం లేక చూడలేదు." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "అప్పట్నుంచి నువ్వు పుస్తకం తీసినప్పుడల్లా, ఇవాళ అడుగుతుంది, ఇవాళ అడుగుతుంది అని గుండె జారిపోయేది. పోలీసులంటే కూడా అంత భయం లేదే నాకు."

"నువ్వే చెప్పొచ్చు కదా అన్నయ్యా."

"చెబితే నువ్వు ఏదో ఒకటి అంటావు కదా. అది వినాలి కదా."

ఏ పీపా, ఏం వంచడం అని వదిన అడిగింది.  అన్నయ్య భార్య వైపు చూసి, వెనక సందులో మంట నా వల్లే అన్నాడు. ఆయన నోట ఆ మాట పైకి రావడం అదే మొదలు. రెండోసారి చెప్పేటప్పుడు కాస్త సులువుగా వచ్చింది. బండి రాకపోవడం చెప్పాడు, పీపాలు చెప్పాడు, మూత మళ్లీ వేయడం మరిచిపోయానని చెప్పాడు. వదిన చేతిలో పిన్నుల డబ్బా అలాగే ఉంది. నిన్న పక్కనున్న కుర్చీలోనే కాపలావాడి భార్య కూర్చుంది. వదిన ఒకసారి ఆ కుర్చీని చూసింది.

"జైల్లో పెడతారా?" అని లాయరమ్మనే అడిగింది.

పెట్టొచ్చు, జరిమానాతో పోవచ్చు, తనంతట తాను చెబితే జడ్జి కొంత చూడొచ్చు. చదివినదంతా కూడదీసుకున్నా అంతకన్నా గట్టి మాట దొరకలేదు. "మాట ఇవ్వలేను వదినా," అంది.

అన్నయ్య గొట్టానికి వేలాడుతున్న కోట్లని ఒక చివర నుంచి రెండో చివరదాకా చూసుకుంటూ పోయాడు. బాయిలరు బుసకొడుతోంది. ఆ కాపలావాడి చేతుల సంగతి వాళ్లావిడ చెబుతుంటే తనూ విన్నానన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను. ఆయన ఏం తేల్చుకుంటాడో లాయరమ్మకి తెలియలేదు. ఆయన కాదంటే తను ఒక్కతే వెళ్లాలి, వెళ్లి ఈ మనిషి మీదే చెప్పాలి.  పుస్తకాలు జారుతుంటే రొమ్ముకి హత్తుకుంది.

గుమ్మంలో మనిషి నీడ పడింది. బ్యాంకు గుమస్తా, ప్రతి వారం వచ్చేవాడే. మూట బల్ల మీద పడేసి, శనివారం పెళ్లికి వెళ్లాలనీ, రేపు సాయంత్రానికల్లా అయిపోవాలనీ గబగబా చెప్పాడు. అలవాటు ప్రకారం వదిన పీలిక అందుకుంది.

"తీసుకోకు," అన్నాడు అన్నయ్య.

బల్ల దిగి ముందుకొచ్చాడు. మూటని జాగ్రత్తగా రెండు చేతులతో ఎత్తి గుమస్తాకి తిరిగి ఇచ్చాడు.

"రేపు కొట్టు తెరవనండీ. ఎల్లుండి సంగతి చెప్పలేను. మీరు స్టేషను పక్క కొట్టులో ఇవ్వండి, బాగానే చేస్తాడు."

గుమస్తా ఆశ్చర్యపోయాడు. జ్వరం వచ్చినా కొట్టు మూయని మనిషి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

"లేదండీ. కోర్టులో కేసుంది."

"అయ్యో. ఎవరిదండీ?"

అన్నయ్య చెల్లెలి వంక చూడలేదు, భార్య వంక చూడలేదు. గుమస్తా మొహంలోకే చూశాడు.

"నాదే," అన్నాడు.